తాళమిచ్చిన చేయి



తెల్లవారుజామున మన పట్టణవీధులలో సైకిలు త్రొక్కువారెవరో మీరెఱుగుదురు. పాలక్యానులు వ్రేలాడదీసికొని పోవువాడు, ఇంటింట పత్రికలు వేయు పిల్లవాడు, రాత్రికాపలా ముగించుకొని ఇల్లు జేరువాడు, సంతకు కూరగాయల గంప గట్టుకొని వచ్చు రైతు. ఇటీవలి కాలమున వీరితోపాటు దేహారోగ్యముకొఱకు తలకు టోపీ బిగించుకొని త్రొక్కు ఉద్యోగస్థులును బయలుదేఱిరి. హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిలుబాటను, పైన సౌరఫలకముల కప్పుతో, తెఱచిరి. అది మంచి పనియే. కాని ఆ బాట దాటి వీధిలోనికి వచ్చిన సైకిలునకు కప్పును లేదు, కంచెయు లేదు. వెనుకనుండి వచ్చు మోటారు నడపువాని బుద్ధియే దానికి కంచె. ఆ నడపువాడు పదునాఱేండ్ల బాలుడైనచో నేమి? వాడు త్రోసివేసిన సైకిలువానికి చట్టము చెప్పు సమాధానమెట్టిది? ఈ సాయంకాలము మేము ముచ్చటింపదలచినది ఆ విషయమే.

2022లో మన దేశమున రహదారి ప్రమాదములలో మడిసినవారు 1,68,491 మంది యని కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించినది. ఒక్క సంవత్సరమున ఒక మోస్తరు పట్టణము పట్టణమే తుడిచిపెట్టుకొని పోయినట్లు. ఇందు గాయపడి బ్రతికినవారి లెక్క చేరలేదు.

ఇట్టి ప్రమాదము జరిగిన మఱునాడు మన అరుగులమీద రెండు మాటలు వినవచ్చును. నడపిన పిల్లవాడు మనవాడైనచో “ఏదో చిన్నతనము, ఇంత సొమ్ము ముట్టజెప్పి సర్దుకొందము” అందురు. పిల్లవాడు ధనవంతుని కుమారుడై దెబ్బ తిన్నవాడు మనవాడైనచో “వానిని నడివీధిలో ఉరిదీయవలె” అందురు. ఈ రెండు మాటలును వేర్వేఱు దినములలో ఒకే నోట వెలువడుటయు కలదు. చట్టము వీనిలో దేనిని ఆమోదింపలేదు. అది మూడు ప్రశ్నలను వేర్వేఱుగా అడుగుచున్నది: బాలునేమి చేయవలెను? బండి యిచ్చిన పెద్దవానినేమి చేయవలెను? పడినవాని నష్టమును ఎవరు తీర్పవలెను? మనలో ననేకులు మొదటిదానిని గూర్చియే కంఠశోష పడుచు, తక్కిన రెంటిని మఱచుచున్నారు. మా దృష్టిలో ఆ రెండే ముఖ్యములు.

వయస్సు విషయమున సందేహమునకు తావులేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము బహిరంగస్థలమున మోటారు నడపుటకు 18 ఏండ్లు నిండవలయును. 50 సి.సి.కి మించని చిన్న ఇంజనుగల మోటారుసైకిలును మాత్రము 16 ఏండ్లవాడు లైసెన్సు పొంది నడపవచ్చును. మన వీధులలో బడిపిల్లలు నడపు స్కూటరుల ఇంజనులు దానికి రెండింతలకు పైబడినవి. కావున “మావానికి పదునాఱు నిండినవి, స్కూటరు నడపవచ్చును” అను మాట తఱచుగా చెల్లని మాట. ఉన్నతపాఠశాలల గుమ్మముల యెదుట, ట్యూషను గదుల సందులలో సాయంకాలము వరుసలు దీర్చి నిలిచిన బండ్లను చూడుడు. వానిలో పెక్కింటికి తగిన లైసెన్సు లేదని దారిన పోవువానికి తెలియును, ఉపాధ్యాయునకు తెలియును, నాలుగు వీధుల కూడలిలో నిలిచిన పోలీసువానికి మఱింత బాగుగా తెలియును.

ఇక 2019లో ఈ చట్టమునకు జరిగిన సవరణ నోక మాఱు శ్రద్ధగా చూడవలయును. ఆ యేడు సెప్టెంబరు 1వ తేదినుండి 199-ఎ అను క్రొత్త సెక్షను అమలులోనికి వచ్చినది. బాలుడు మోటారుతో అపరాధము చేసినచో, వాని సంరక్షకుడు గాని బండి యజమాని గాని దోషిగా ఎంచబడును. శిక్ష మూడేండ్ల వఱకు కారాగారము, దానితోపాటు రూ. 25,000 జుల్మానా. ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలలపాటు రద్దగును. ఆ బాలునకు 25 ఏండ్లు నిండువఱకు లైసెన్సు లభింపదు. బాలునకు తగిన లెర్నరు లైసెన్సు ఉండి, దానికి లోబడిన బండినే నడపుచున్నయెడల మాత్రము పెద్దలపై ఈ సెక్షను వర్తింపదు.

ఈ సెక్షనులో అసలు బలము శిక్ష పరిమాణమున లేదు. ఋజువు భారమున నున్నది. సాధారణముగా ముద్దాయి నేరము చేసెనని ప్రభుత్వము ఋజువు చేయవలయును. ఇచట బాలుడు బండి నడపెనన్నచో అది సంరక్షకుని లేక యజమాని సమ్మతితోనే జరిగెనని న్యాయస్థానము మొదటనే తలపవలెనని శాసనకర్తలు వ్రాసిరి. తనకు తెలియకుండ జరిగినదనియో, తాను తగిన జాగ్రత్త యంతయు తీసికొంటిననియో నిరూపించుకొనవలసినవాడు ఆ పెద్దవాడు. తాళము ద్వారబంధపు కొక్కెమునకు తగిలించి, పెట్రోలునకు పైకము చేతబెట్టి, “నేను నడపుమనలేదు” అనుట జాగ్రత్త యగునా? ఆలోచింపుడు.

ఒక ఉపకథ చెప్పవలసి యున్నది. మన యిండ్లలో బండి తల్లి పేర కొని కొడుకు నడపుట క్రొత్త గాదు. కాగితముమీద యజమానురాలు ఆమె. బండిని కొనుమనినవాడు తండ్రి, నడపువాడు కుమారుడు, సమను వచ్చిననాడు బోనెక్కవలసినది వంటయింటి యిల్లాలు. రిజిస్ట్రేషను కాగితముపై తన పేర సంతకము చేయుటకు ముందు ప్రతి తల్లియు ఈ సెక్షను చదివించుకొని వినవలెనని మా కోరిక.

ఈ సవరణ రాకమునుపే, లైసెన్సు లేనివానికి బండి యిచ్చుట నేరమను పాత సెక్షను క్రింద, హైదరాబాదులో 2018లో కొందఱు తండ్రులను న్యాయస్థానము స్వల్పకాలము కారాగారమునకు బంపెను. అపుడు నగరమున కొంత కలవరము బుట్టినది, “కొడుకు బండి నడపిన తండ్రికి జైలా?” అని ముక్కుమీద వ్రేలు వేసికొనినవారు లేకపోలేదు. మేమందులకు ఆశ్చర్యపడలేదు. పిల్లవాని చేతికి నాటుతుపాకి ఇచ్చినవాడు తుపాకి ప్రేలినపిదప “నేను పేల్చలేదు” అనిన మనము విందుమా? నూఱు కిలోల ఇనుము గంటకు అఱువది కిలోమీటర్ల వేగమున పోవుచున్నప్పుడు తుపాకిగుండుకంటె తక్కువదేమియు గాదు. అయితే శాసనమునకు ఇంత పదును వచ్చినపిదపను దాని వినియోగము వీధి జుల్మానాతోడనే ముగియుట తఱచు. పట్టుబడిన పిల్లవాడు తండ్రికి టెలిఫోను చేయును. తండ్రి ఎవరికో టెలిఫోను చేయును. బండి ఇల్లు జేరును. సైకిలువాడు పడిన తరువాతనే 199-ఎ గుర్తునకు వచ్చినచో అది రక్షణ గాదు, శవపరీక్ష వంటిది.

ఇపుడు బాలుని సంగతి. 2015 నాటి బాలన్యాయ చట్టము నేరములను మూడు తరగతులుగా విభజించినది. గరిష్ఠశిక్ష మూడేండ్లకు మించనివి స్వల్పములు. మూడేండ్లకు పైబడి యేడేండ్ల వఱకు గలవి తీవ్రములు. కనిష్ఠశిక్షయే యేడేండ్లు లేక అంతకు మించియున్నవి ఘోరములు. 16 ఏండ్లు నిండిన బాలుని పెద్దవానివలె విచారింపవచ్చునా యను పరిశీలన ఘోరనేరములకు మాత్రమే. 2024 జులై 1వ తేదినుండి అమలైన భారతీయ న్యాయ సంహితలో, అజాగ్రత్తతో ఒకనికి తీవ్రగాయము చేసినచో గరిష్ఠశిక్ష మూడేండ్లు. అనగా కాలువిఱిగి ఆఱునెలలు మంచము పట్టిన పాలవాని కేసు, నడపినవాడు బాలుడైనపుడు, చట్టపు పరిభాషలో “స్వల్పము”. ఆ మాట వినినపుడు ఆ పాలవాని భార్య ముఖమెట్లుండునో మేము వర్ణింపనక్కఱ లేదు.

మఱియొక విశేషము. స్వల్పనేర విచారణను బాలన్యాయ మండలి, బాలుని తనయెదుట నిలిపిన నాటినుండి నాలుగు మాసములలో ముగింపవలయును; రెండు మాసములు పొడిగింపు కలదు. అప్పటికిని ముగియకున్నచో ఆ కేసు అంతటితో రద్దగును. బాలుని బ్రతుకును ఏండ్లతరబడి కచేరీల వసారాలలో వ్రేలాడదీయరాదను సదుద్దేశముతో ఈ నియమము చేసిరి. ఉద్దేశము మంచిది. కాని వైద్యుని గాయపత్రము రెండు మాసములు ఆలస్యమై, సాక్షికి కబురు మఱి రెండు మాసములు ఆలస్యమై, మండలి సభ్యులస్థానములు ఖాళీగా నున్నచో, ఆ సదుద్దేశము యొక్క ఫలమెవరికి దక్కును? జాప్యము చేయగల శక్తి గలవానికి. చట్టము బాలునకిచ్చిన దయను అధికారుల సోమరితనము ధనవంతుని హక్కుగా మార్చివేయును. ఇచట సవరింపవలసినది గడువు గాదు. గాయపత్రము, ప్రమాదస్థల పటము, బండి పరీక్షానివేదిక తొలిమాసములోనే మండలి బల్లమీదికి చేరునట్లు పోలీసు పైయధికారి బాధ్యత వహింపవలెను.

మండలి చేతులు కట్టివేయబడినవి గావు. హెచ్చరించి పంపుట మొదలు, సమాజసేవ చేయించుట, బాలుడు గాని తలిదండ్రులు గాని జుల్మానా చెల్లింపవలెననుట, మూడేండ్లకు మించకుండ ప్రత్యేకగృహమున నుంచుట వఱకు అనేకోపాయములు దాని అధీనమున గలవు. వానిని బుద్ధితో వినియోగించినచో చాలును. పూనానగరమున 2024 మే 19న వేకువకు ముందు 17 ఏండ్ల బాలుడు నడపినదని చెప్పబడిన ఖరీదైన కారు మోటారుసైకిలును ఢీకొని ఇరువురు యువ ఇంజనీర్లు మరణించిరి. ఆ దినముననే బాలునకు జామీను దొరకినది. షరతులలో నొకటి, రహదారి ప్రమాదములను గూర్చి 300 మాటల వ్యాసము వ్రాయుట. దేశమంతట గగ్గోలు లేచినది. మండలి తన యాజ్ఞను మార్చుకొని బాలుని పరిశీలనగృహమునకు బంపగా, ఆ నిర్బంధము చెల్లదని బొంబాయి హైకోర్టు జూన్ 25న విడుదల చేసినది. బాలుని పెద్దవానివలె విచారింపవలెనను పోలీసుల కోర్కెను 2025 జులైలో మండలి త్రోసిపుచ్చినది. ఈ నడుమ నెత్తురు నమూనాలను మార్చిరను అభియోగముపై వైద్యులను, బాలుని తలిదండ్రులను నిర్బంధించిరి.

ప్రజల ఆగ్రహము మేమర్థము చేసికొనగలము. కాని దాని మూలమును సరిగా గుర్తింపవలయును. వారిని మండించినది బాలునియెడ చట్టము చూపు దయ గాదు. ఆ దయ పేదవాని కుమారునకు అంత వేగముగా, ఆదివారమునాడు, కొన్ని గంటలలో లభింపదను నమ్మకము వారిని మండించినది. పాలు దొంగిలించిన పేదబాలుడు గృహమున వారములు గడపుచుండ, కారు దొరబాబు వ్యాసము వ్రాసి ఇల్లు చేరినచో న్యాయము రెండు తక్కెడలతో తూగినట్లు తోచును. మందు ఆ రెండవ తక్కెడను తీసివేయుటలో నున్నది గాని, పిల్లలనందఱను పెద్దల జైళ్లలోనికి త్రోయుటలో లేదు.

ఢిల్లీలో 2016 ఏప్రిలులో, 18 ఏండ్లు నిండుటకు కొలది దినములే కొదువయున్న బాలుడు నడపిన కారు క్రింద పడి వీధి దాటుచున్న యువకుడొకడు చనిపోయెను. ఆ కేసు సుప్రీంకోర్టు వఱకు పోయినది. హత్య గాని నరవధకు గరిష్ఠశిక్ష యేడేండ్లకు మించియున్నను, కనిష్ఠశిక్ష యేడేండ్లుగా నిర్ణయింపబడలేదు గనుక అది ఘోరనేరము గాదనియు, బాలుని పెద్దవానిగా విచారింప వీలు లేదనియు 2020 జనవరిలో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది. 2021లో పార్లమెంటు చట్టమును సవరించి అట్టి నేరములను తీవ్రముల తరగతిలో స్పష్టముగా జేర్చినది. కావున ఈ విషయమున ఇక చర్చకు తావులేదు. బాలుడు నడపిన మోటారు ప్రమాదము, ప్రాణము పోయినను, సాధారణముగా బాలన్యాయ మండలి గడప దాటదు.

అమెరికాలో వేఱు పద్ధతి. టెక్సాసు రాష్ట్రమున వాలరు ప్రాంతములో 2021 సెప్టెంబరు 25న 16 ఏండ్ల బాలుడు నడపిన ట్రక్కు ఆర్గురు సైకిలువారిని పడగొట్టినది. తొలుత పోలీసులు వానిని ఇంటికి పోనిచ్చిరి. సైకిలువారి సంఘములు గోల చేయగా, ప్రభుత్వ న్యాయవాదియే పోలీసుల తీరును బాహాటముగా తప్పుపట్టి ప్రత్యేక న్యాయవాదిని నియమించెను. నవంబరులో ఒక్కొక్క గాయపడినవానికి ఒక్కొక్కటిగా ఆఱు తీవ్ర అభియోగములు మోపిరి. ట్రక్కును మారణాయుధముగా పేర్కొనిరి. నెవాడాలోని లాస్ వేగాసున 2023 ఆగస్టులో, దొంగకారులోని ఇరువురు కుఱ్ఱవాండ్రు సైకిలుపై పోవుచున్న విశ్రాంత పోలీసధికారిని బుద్ధిపూర్వకముగా గ్రుద్ది చంపి దానిని చిత్రమునందు బంధించిరను ఆరోపణపై, వారిని పెద్దల న్యాయస్థానమునకే హత్యానేరముపై పంపిరి. మొదటి కేసునుండి మనము నేర్వదగినది కలదు: వాహనము ఆయుధము కాగలదను గుర్తింపు, స్థానికపోలీసుల తప్పును పై న్యాయవాది దాచక చెప్పుట. పిల్లలను పెద్దల చెఱలో వేయు అలవాటును మాత్రము వారికే విడిచిపెట్టుదము. బుద్ధిపూర్వకముగా చంపుట వేఱు, వేగపుమత్తులో తప్పుట వేఱు. మన చట్టమునందును బుద్ధిపూర్వక హత్య ఘోరనేరమే.

ఇంతవఱకు శిక్షలమాట. పడినవాని యింట పొయ్యి శిక్షలతో రాజదు. కావున మూడవ ప్రశ్నకు వత్తము. ఇది మన గ్రంథాలయములకు వచ్చువారిలో చదువుకొనినవారు చదువులేనివారికి చెప్పవలసిన భాగము.

సైకిలునకు లైసెన్సు లేదు, బీమా లేదు. అయినను మోటారు బీమా చట్టమున సైకిలువాడే అసలైన “మూడవ పక్షము”. వానికొఱకే నిర్బంధబీమా పుట్టినది. తప్పెవరిదో ఋజువు చేయకయే 164వ సెక్షను క్రింద మరణమునకు రూ. 5 లక్షలు, తీవ్రగాయమునకు రూ. 2.5 లక్షలు కోరవచ్చును. నడపినవాని అజాగ్రత్త ఋజువు చేయగలిగినచో 166వ సెక్షను క్రింద అసలు నష్టమంతయు కోరవచ్చును. గ్రుద్ది పాఱిపోయిన బండి యేదో తెలియకున్నచో ప్రభుత్వనిధినుండి మరణమునకు రూ. 2 లక్షలు, తీవ్రగాయమునకు రూ. 50,000. ఒక చిక్కు గమనింపుడు: నడపిన బాలునకు లైసెన్సు లేదని చూపినంతమాత్రమున అజాగ్రత్త ఋజువైనట్లు గాదు. లైసెన్సు లేకుండుట వేఱు, తప్పుగా నడపుట వేఱు అని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పినది. కనుక ప్రమాదస్థలపు ఛాయాచిత్రములు, చక్రపు జాడలు, దుకాణములవారి కెమెరా చిత్రములు మొదటి దినముననే సంపాదింపవలయును. అవతలి న్యాయవాది తప్పక “సైకిలునకు వెనుక దీపము లేదు, ప్రక్కబాటనుండి అడ్డముగా వచ్చెను” అని వాదించును.

లైసెన్సు లేని బాలుడు నడపెను గనుక మేమియ్యమని బీమాసంస్థ తలుపు మూయజూచును. తొలుత సంస్థయే చెల్లించి పిదప యజమాని వద్ద రాబట్టుకొనవలెనని న్యాయస్థానములు పలుమాఱులు ఆదేశించినవి. అన్ని తీర్పులును ఒకే దారిని నడువలేదని మాత్రము చెప్పవలయును. యజమాని సంగతి స్పష్టము. మైనరు మేనల్లుడో అన్నకొడుకో వచ్చి తనకు తెలియకుండ మోటారుసైకిలు తాళము తీసికొనిపోయెనని ఒక యజమాని మొఱపెట్టుకొనగా, బండి దుర్వినియోగము కాకుండ చూచుట నీ బాధ్యతయే యని 2011లో సుప్రీంకోర్టు ఆ భారమును వానిపైననే మోపినది. కొక్కెమునకు తగిలించిన తాళము ఎంత బరువైనదో ఆ యజమానికి ఆనాడు తెలిసియుండును.

నష్టము కొలుచుటలోను సైకిలువాడు మోసపోవుట కలదు. వైద్యుడు “కాలు 40 పాళ్లు చెడినది” అని వ్రాయును. దానినిబట్టి సంపాదనలో 40 పాళ్లే నష్టమని లెక్కగట్ట జూతురు. అది తప్పని 2010లో మఱియొక తీర్పు. అవయవమునకు గలిగిన నష్టము వేఱు, ఆ మనుష్యుని వృత్తికి గలిగిన నష్టము వేఱు. చేయి పోయిన గుమాస్తా కొలువు నిలుపుకొనవచ్చును. చేయి పోయిన వడ్రంగికి బ్రతుకుతెరువే పోవును. కాలు వంగని పాలవాడు సైకిలెక్కలేడు. ట్రిబ్యునలు ముందు వాని సంపాదన చెప్పుటకు జీతపు చీటీ యుండదు. పాలు పోయించుకొను ఇండ్లవారు నలుగురు సాక్ష్యము చెప్పుటకు రావలెను. ఆ యిండ్లవారు మనమే.

గడువు సంగతి మఱవరాదు. ప్రమాదము జరిగిన ఆఱు మాసములలో దరఖాస్తు పెట్టవలెనను నియమము 2022 ఏప్రిలునుండి వచ్చినది. అది చెల్లునా చెల్లదా యను వాదము సుప్రీంకోర్టు ముంగిటికి చేరినది. ఆ వాదము తేలునని కూర్చుండక, గాయపడినవాడు ఆసుపత్రిలో నుండగనే బంధువులు కాగితములు సిద్ధము చేయించుట మేలు. రాజీపత్రముపై, ఆసుపత్రి ఖర్చుల సాకుతో, తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయింప వచ్చువారిని గుమ్మమునుండియే పంపివేయవలయును. ఆసుపత్రి ఖర్చు భయముకూడ కొంత తగ్గినది: 2025 మేలో ప్రకటింపబడిన పథకము ప్రకారము రహదారి ప్రమాదమున గాయపడినవానికి ఏడు దినములవఱకు రూ. 1.5 లక్షల మేరకు పైకము చెల్లింపకయే చికిత్స పొందు హక్కు కలదు.

ఇక పడినవానిని మోసికొనిపోవు బాటసారికి పోలీసు భయము. 2019 సవరణలోని 134-ఎ సెక్షను ఆ భయమును తీసివేసినది. సద్బుద్ధితో సహాయము చేసినవానిపై దావా గాని నేరారోపణ గాని తేరాదు. తన పేరు చెప్పుమని వానిని బలవంతపెట్టరాదు. ఆసుపత్రి గుమ్మమున సైకిలువానిని దింపి, తన దారిన తాను పోవచ్చును.